నీళ్లే వస్తాయి సరే, హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది?

మొన్న మా క్లాసులో ఒక చర్చ పెట్టారు. ఫ్యూయల్ సెల్ బండ్లకు ఏ ఇంధనం మేలు అనేది విషయం. ఒక జట్టు హైడ్రోజన్ అంది, ఇంకో జట్టు మిథనాల్ అంది, మూడో జట్టు ఇథనాల్ అంది. అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఎవరికి పడ్డాయో తెలుసా? హైడ్రోజన్ జట్టులోని ఒక స్నేహితురాలు లేచి, "ఈ బండి పొగగొట్టంలో నుంచి నీళ్లు తప్ప ఇంకేమీ రావు. మన బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇట్లాంటి లారీలు నూరు తిరిగితే చాలు, నీళ్ల కరువు కూడా తీరిపోతుంది" అంది. క్లాసంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కానీ ఇంటికి పోయి లెక్క వేసుకున్నాక కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. "నీళ్లు తప్ప ఇంకేమీ రాదు" అనే మాట పేపర్లలో, టీవీలో, సైన్సు ఎగ్జిబిషన్ చార్టుల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజానికి జవాబు చెప్పడం చాలా కష్టం. క్లాసులో నాకు రెండు నిమిషాలే దొరికాయి, చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఫ్యూయల్ సెల్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్తా, చిన్న తరగతుల వాళ్లు కూడా చదువుతారు గదా. ఇది ఇంజను కాదు, ఇందులో మంట ఉండదు. ఒక పక్క నుంచి హైడ్రోజన్ పోతుంది, ఇంకో పక్క నుంచి గాలిలోని ఆక్సిజన్ పోతుంది. మధ్యలో పలుచటి పొర, దాని రెండు పక్కలా ప్లాటినం పూత. హైడ్రోజన్ అక్కడ తన ఎలక్ట్రాన్లను విడిచిపెడుతుంది. అవి తీగలో నుంచి పోయి మోటారును తిప్పుతాయి. మిగిలిన ప్రోటాన్లు పొర దాటి ఆక్సిజన్‌తో కలిసి నీళ్లవుతాయి. బ్రిటన్‌లో విలియం గ్రోవ్ అనే ఆయన 1839లోనే దీన్ని చేసి చూపించాడు. చంద్రుడి మీదికి పోయిన అపోలో నౌకల్లో కరెంటు దీనితోనే పుట్టించారు, అందులో వచ్చిన నీళ్లనే వ్యోమగాములు తాగారు. టొయోటా వాళ్లు 2014లో మిరాయ్ అనే కారును అమ్మకానికి పెట్టారు. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు ఆ కారులోనే పార్లమెంటుకు వచ్చారు. 2025 మార్చిలో మన దేశంలో హైడ్రోజన్ లారీలను రోడ్డు మీద పరీక్షించడం కూడా మొదలయింది. కాబట్టి ఇది ఎప్పుడో వచ్చే కథ కాదు.

ఇక నా లెక్క. మా మామ చింతామణి మార్కెట్టు నుంచి టమాట లారీ తోలతాడు. నేను ఆయన్నే అడిగినా. "మామా, లోడు లారీ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" అంటే, "నాలుగు వస్తే గొప్ప పాపా, ఘాట్ ఎక్కితే అదీ రాదు" అన్నాడు. చింతామణి నుంచి బెంగళూరుకు సుమారు 75 కిలోమీటర్లు. పోయి రావడానికి 150. అంటే దగ్గర దగ్గర 38 లీటర్ల డీజిల్. ఒక లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం మీద నూరు కిలోలు. ఈ నూరు అనే అంకెను గుర్తుపెట్టుకోండి.

డీజిల్ ఇంజను ఇంధనంలోని శక్తిలో నూటికి నలభై పాళ్లు చక్రానికి ఇస్తుంది అనుకుందాం, ఫ్యూయల్ సెల్ యాభై పాళ్లు ఇస్తుంది అనుకుందాం. కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇట్ల లెక్కపెడితే అదే ట్రిప్పుకు 9 కిలోల హైడ్రోజన్ కావాలి. ఒక ట్రిప్పుకు తొమ్మిది కిలోలే! వినడానికి ఎంత బాగుందో చూడండి.

ఆ తొమ్మిది కిలోలు ఎక్కడి నుంచి వస్తాయి? హైడ్రోజన్‌కు బొగ్గు మాదిరి గనులు లేవు. దేన్నో ఒకదాన్ని విరిచి తీయాల్సిందే. ఇప్పుడు మన దేశంలో రిఫైనరీలు, ఎరువుల ఫ్యాక్టరీలు వాడే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు నుంచి తీస్తున్నారు. ఆ పద్ధతిలో ఒక కిలో హైడ్రోజన్‌కు పది కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. తొమ్మిది కిలోలకు తొంభై. డీజిల్‌కు నూరు, దీనికి తొంభై. ఇంతోటి దానికేనా కొత్త లారీ, కొత్త బంకు, కొత్త సిలిండరు? లారీ వెనకాల పొగ లేదంటే, ఆ పొగ ఇంకెవరి ఊర్లోనో ఫ్యాక్టరీ గొట్టంలో నుంచి పోతోందని అర్థం.

"అట్ల కాదు, నీళ్లను కరెంటుతో విడదీస్తే హైడ్రోజన్ వస్తుంది, అదే గ్రీన్ హైడ్రోజన్" అని మా జట్టులోనే ఒకరు అన్నారు. ఇక్కడ నేను కూడా మొదట తప్పు చేశాను. మాది శాశ్వత నది లేని జిల్లా. పెన్న నంది కొండల దగ్గర పుడుతుంది, చిత్రావతి, పాపఘ్ని కూడా మా పక్క నుంచే పోతాయి. పుట్టిల్లు మాది, నీళ్లు మాత్రం మాకు వానాకాలం నాలుగు రోజులే కనిపిస్తాయి. వెయ్యి అడుగులు, పన్నెండు వందల అడుగులు బోరు వేస్తే వచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. బెంగళూరు వాళ్లు వాడి పారబోసిన నీళ్లను శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార లోయల నుంచి పైపుల్లో తెచ్చి మా చెరువులు నింపుతున్నారు. ఇట్లాంటి చోట నీళ్లతో లారీలు నడుపుతామంటే ఎట్ల అని చర్చలో నేను గట్టిగా అరిచినా. చప్పట్లు నాకూ పడ్డాయి.

ఇంటికొచ్చి లెక్క వేస్తే నా వాదనే పస లేనిదని తేలింది. ఒక కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీళ్లు చాలు. శుద్ధి చేసేటప్పుడు పోయేవి, యంత్రాన్ని చల్లబరిచేవి కలిపి మూడింతలు అనుకున్నా ఒక ట్రిప్పుకు 250 లీటర్లు మించదు. ఒక ట్రాక్టరు ట్యాంకరు నీళ్లతో ఇరవై ట్రిప్పులు పోయి రావచ్చు. ఆ లారీలో ఎక్కిన టమాటలు పండించడానికి పోసిన నీళ్ల ముందు ఇది లెక్కలోకే రాదు. కాబట్టి నీళ్ల పేరు చెప్పి హైడ్రోజన్‌ను తిట్టేవాళ్లు తప్పు చోట తిడుతున్నారు. నేనూ తిట్టాను, ఒప్పుకుంటున్నాను. (కరువు తీరుతుందన్న స్నేహితురాలికి కూడా ఒక మాట: ఆ లారీ దారి పొడుగునా విడిచేది 81 లీటర్లు. అయిదారు బిందెలు. అవీ ఆవిరిగా.)

అసలు బరువు కరెంటు దగ్గర ఉంది. ఒక కిలో హైడ్రోజన్ నీళ్లలో నుంచి తీయడానికి సుమారు 55 యూనిట్లు కావాలి. తొమ్మిది కిలోలకు 495. పది హెచ్‌పీ మోటారు త్రీఫేజ్ కరెంటు ఉండే ఏడు గంటలూ ఆడితే యాభై యూనిట్లు కాస్త పైన కాలుతుంది. అంటే ఒక్క లారీ ఒక్కసారి బెంగళూరుకు పోయి వస్తే తొమ్మిది పది బోర్ల ఒక రోజు కరెంటు అయిపోయినట్లే. ఆ కరెంటు ఎక్కడిది? మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్క యూనిట్ వెనకాల సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, బొగ్గు ఎక్కువ కాలుస్తాం కాబట్టి. 495 యూనిట్లకు దాదాపు 350 కిలోలు. డీజిల్‌కు నూరు. మామూలు కరెంటుతో నీళ్లను విడదీసి నడిపే 'పొగ లేని' లారీ, పొగ కక్కే డీజిల్ లారీ కంటే మూడున్నర రెట్లు పొగ పెడుతుంది! ఈ మాట ఏ చార్టు మీదా నేను చూడలేదు.

సోలార్ కరెంటు వాడొచ్చు గదా అంటారు. వాడొచ్చు. మాకు పడమరగా తుమకూరు జిల్లాలో పావగడ సోలార్ పార్కు ఉంది, 2,050 మెగావాట్లది. అక్కడా మనలాగే తెలుగు మాట్లాడే రైతులే భూములు కౌలుకు ఇచ్చారు. కానీ ఆ సోలార్ కరెంటును నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే అదే ట్రిప్పుకు 175 యూనిట్లు చాలు. హైడ్రోజన్ చేసి, దాన్ని నొక్కి సిలిండర్లో పెట్టి, మళ్లీ కరెంటుగా మారిస్తే 495. ఒక సంచి రాగులు మిల్లుకు తీసుకుపోయి మూడో వంతు పిండితో ఇంటికి వస్తే ఇంట్లో ఊరుకుంటారా? మధ్యాహ్నం పూట కొనేవాళ్లు లేక వృథా అయ్యే సోలార్ కరెంటుంటే దానితో హైడ్రోజన్ చేయండి, నాకేం అభ్యంతరం లేదు. బొగ్గు కరెంటుతో చేసి ఆకుపచ్చ రంగు పూయకండి, అంతే.

అట్లయితే అన్నిటికీ బ్యాటరీ పెట్టేస్తే అయిపోతుంది గదా, ఫ్యూయల్ సెల్ ఎందుకు? స్కూటర్లకు, ఆటోలకు, కార్లకు నిజంగానే అంతే. వాటికి ఫ్యూయల్ సెల్ అనవసరం అని నా అభిప్రాయం. లారీ దగ్గరే కథ మారుతుంది. మామ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ సిలిండరు ఎంత బరువు? ఎన్ని బాక్సులు తగ్గించుకోవల్ల?" అని. మంచి ప్రశ్న. మిరాయ్ కారు సిలిండర్ల లెక్క ప్రకారం, మొత్తం బరువులో నూటికి అయిదారు పాళ్లే గ్యాసు, మిగతాది సిలిండరే. 9 కిలోల గ్యాసుకు 160 కిలోల సిలిండర్లు. పదిహేను కిలోల టమాట బాక్సులు పదో పదకొండో. అదే 150 కిలోమీటర్లకు సరిపడే బ్యాటరీ అయితే టన్ను దాటుతుంది, అంటే డెబ్బై, ఎనభై బాక్సులు. 500 కిలోమీటర్ల దూరమైతే హైడ్రోజన్‌కు ముప్పై అయిదు బాక్సులు, బ్యాటరీకి రెండు వందల యాభై పైన. మన టమాట బెంగళూరుతో ఆగదు. ఢిల్లీ, కలకత్తా దాకా పోతుంది. దారిలో గంటల కొద్దీ చార్జింగ్ పెట్టి నిలబెడితే సరుకు మెత్తబడుతుంది. కాబట్టి దూరం పోయే లారీకి ఫ్యూయల్ సెల్ కావాలి, అది కాదనలేం. ఇంధనం ఏదన్నదే గొడవ.

ఇప్పుడు మిథనాల్ జట్టు సంగతి. వాళ్ల వాదన తేలిగ్గా తీసేయలేం. మిథనాల్ ద్రవం, క్యానులో పోసుకోవచ్చు, 700 రెట్ల ఒత్తిడి సిలిండర్లు అక్కర్లేదు. బండిలోనే 250, 300 డిగ్రీల వేడిలో దాన్ని విరిచి హైడ్రోజన్ తీయొచ్చు. డైమ్లర్‌క్రైస్లర్ కంపెనీ వాళ్ల నెకార్ 5 అనే బండి 2002లో మిథనాల్ పోసుకుని అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాషింగ్టన్ దాకా పోయింది. కానీ విరిచేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కొంచెం మిగిలినా సెల్‌లోని ప్లాటినం పాడవుతుంది. ఆ కంపెనీ కూడా తర్వాత నేరుగా హైడ్రోజన్ సిలిండరు వైపే మళ్లింది.

ఇది సాంకేతిక కారణం. నాకు దానికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మిథనాల్ అంటే మిథైల్ ఆల్కహాల్. వాసన, రంగు మామూలు సారాకు దగ్గరగా ఉంటాయి. కొంచెం లోపలికి పోతే కళ్లు పోతాయి, ఇంకొంచెం పోతే ప్రాణం పోతుంది. 2008 మే నెలలో బెంగళూరు చుట్టుపక్కల, కోలారు వైపు, తమిళనాడు కృష్ణగిరి వైపు మిథైల్ ఆల్కహాల్ కలిసిన సారా తాగి నూరు మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది కూలీలు. అప్పటికి నేను పుట్టలేదు గానీ, మా పక్క పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఫ్యాక్టరీలో తాళం వేసి పెట్టిన మిథనాల్‌తోనే అంత జరిగితే, హైవే పొడుగునా ఉండే ప్రతి బంకులో, ప్రతి లారీ ట్యాంకులో దాన్ని పోస్తే ఏమవుతుంది? రాత్రిపూట లారీల్లో నుంచి డీజిల్ పైపు పెట్టి లాగే దొంగలు ఉన్న దేశం మనది. డీజిల్‌ను ఎవరూ తాగరు. దీన్ని తాగుతారు. "జాగ్రత్తలు తీసుకుంటాం" అని మిథనాల్ జట్టు నాయకుడు అన్నాడు. ఆ జాగ్రత్త ఎవరు తీసుకుంటారో పేరు చెప్పమంటే చెప్పలేదు.

ఇథనాల్ విషం కాదు. నిస్సాన్ వాళ్లు 2016లో బ్రెజిల్‌లో ఇథనాల్‌తో నడిచే ఫ్యూయల్ సెల్ వ్యాను చూపించారు. అక్కడ చెరకు ఉంది, వానలు ఉన్నాయి. ఇక్కడ చెరకు పెట్టే రైతు ఎవరు? మిగిలింది మొక్కజొన్న, కన్నడంలో ముసుకిన జోళ అంటాం. ఒక టన్ను గింజలకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మామ లారీ ట్రిప్పుకు 50 లీటర్లు కావాలి, అంటే 130 కిలోల గింజలు. బయటి దేశాలకు మొక్కజొన్న అమ్ముకునే మన దేశం, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కు గింజలు పోవడం మొదలయ్యాక 2024లో బయటి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. కోళ్ల దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. బడిలో గుడ్డు తినే పిల్లలకు ఇది అర్థమవుతుంది. రైతుకు మంచి ధర వస్తుంది గదా అంటే, వస్తుంది, నిజమే. ఆ ధర కోసం తిండిగింజను ట్యాంకులో పోయడమే నాకు నచ్చదు. అమ్మోనియా గురించి ఎక్కువ చెప్పను. ఎరువుల ఫ్యాక్టరీకి, ఓడలకు సరే, ఊర్ల మధ్యలో తిరిగే లారీలో అది లీకైతే దగ్గర నిలబడలేం.

అందరినీ కాదన్నావు, మరి నీ జవాబేంది అని అడుగుతారు. చెప్తా. దానికి ముందు ఒకాయన గురించి చెప్పాలి. ఆయన పేరు అమూల్య కుమార్ రెడ్డి. 1930లో బెంగళూరులో పుట్టారు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో పెద్ద శాస్త్రవేత్త. జాన్ బాక్రిస్‌తో కలిసి రాసిన 'మోడరన్ ఎలక్ట్రోకెమిస్ట్రీ' అనే పుస్తకం 1970లో వచ్చింది. 'హైడ్రోజన్ ఎకానమీ' అనే మాటను అదే సంవత్సరం వాడుకలోకి తెచ్చింది కూడా ఆ బాక్రిసే. అంటే ఫ్యూయల్ సెల్ శాస్త్రం రెడ్డి గారి చేతిలో ఉన్న విద్య. ఆయన ఏం చేశారు? 1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, మన పెద్దవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారే అక్కడ, ఆస్త్ర అనే కేంద్రం పెట్టి పల్లెల పొయ్యిలు, పేడ గ్యాసు మీద పనిచేశారు. కుణిగల్ తాలూకాలో పుర అనే పల్లెలో ఊరందరి పేడతో గ్యాసు చేసి, దాంతో కరెంటు తీసి, దీపాలు వెలిగించి, బోరు నీళ్లు కొళాయిల్లో ఇచ్చారు. పేడ ఇచ్చిన వాళ్లకు మిగిలిన ఎరువు తిరిగి ఇచ్చేవాళ్లు. ఇంత చదివినాయన పేడ దగ్గరికి ఎందుకు పోయాడు అని మొదట నాకూ అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. ఏ యంత్రం గొప్పది అనే ప్రశ్నను పక్కన పెట్టి, ఆ ఊర్లో ఏముంది, ఎవరికి ఏం కావాలి అనే ప్రశ్న ముందు వేశాడు. మా క్లాసు చర్చలో మేము ఆ ప్రశ్న అసలు వేయలేదు.

మా బాగేపల్లి పక్క కూడా అట్లాంటి కథే ఉంది. కూలీ సంఘం వాళ్లు ఇంటింటికీ రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ గుంతలు కట్టించే పథకం పెట్టుకున్నారు, మొత్తం 5,500. అది 2005లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద రిజిస్టర్ అయింది. కట్టెల పొయ్యి పొగలో కళ్లు మండించుకున్న అమ్మలు స్టవ్వు తిప్పి అన్నం వండుకోవడం దానితో వచ్చింది. మరి ఈ గ్యాసులో నుంచి హైడ్రోజన్ తీస్తే? నేను మొదట ఇదే నా జవాబు అనుకుని సంబరపడ్డా. లెక్క వేసినా. రెండు ఘనమీటర్ల గ్యాసులో మీథేను ఒక కిలో కంటే తక్కువే, అందులో నుంచి మూడు వందల గ్రాముల హైడ్రోజన్ వస్తే గొప్ప. మామ లారీకి తొమ్మిది కిలోలు కావాలి. ముప్పై ఇళ్ల పొయ్యిలు ఒక రోజు ఆరిపోతే ఒక లారీ బెంగళూరుకు పోయి వస్తుంది. ఆ ముప్పై ఇళ్లలో మా ఇల్లు కూడా ఉండొచ్చు. కాబట్టి పేడను కూడా కొట్టేశా. అది వంటింటిది, దాన్ని ముట్టుకోకూడదు.

ఇక మిగిలింది ఎండు కట్టె. అదే టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్ ఎస్. దాసప్ప గారి బృందం ఒక పద్ధతి తయారుచేసింది. ఎండిన కట్టెను, పంట చెత్తను ఆక్సిజన్, నీటి ఆవిరి కలిపి బాగా వేడిలో గ్యాసుగా మార్చి, అందులో నుంచి హైడ్రోజన్ వేరుచేస్తారు. ఒక కిలో కట్టెకు నూరు గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. కట్టెలో అంత హైడ్రోజన్ ఉండదు, అరవై గ్రాములే. మిగిలింది ఆవిరి నీళ్లలో నుంచి వస్తుంది. అంటే మామ లారీ ట్రిప్పుకు తొంభై కిలోల ఎండు కట్టె. 130 కిలోల గింజలు ఒక పక్క, 495 యూనిట్లు ఒక పక్క, ముప్పై పొయ్యిలు ఒక పక్క, తొంభై కిలోల కట్టె ఒక పక్క. మీరే చెప్పండి. ఆక్సిజన్ తయారీకి, కంప్రెసర్‌కు కరెంటు దీనికీ కావాలి, ఊరికే రాదు. కానీ నీళ్లను విడదీసినంత కాదు. మొక్క పెరిగేటప్పుడు గాలిలో నుంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలోకి పోతుంది కాబట్టి కొత్తగా పెరిగేది తక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో గ్రీన్ హైడ్రోజన్‌కు పెట్టిన కొలత కిలోకు రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్ లోపల ఉండాలని. కట్టెతో చేసినదాన్ని కూడా అందులో చేర్చారు. అయినా గ్రీన్ హైడ్రోజన్ అనగానే అందరూ నీళ్లూ సోలారూ అనే అంటున్నారు. కట్టె అంటే నామోషీ ఏమో.

మా జిల్లాలో ఈ కట్టె ఉందా? శిడ్లఘట్టలో పేరున్న పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, చుట్టూ మల్బరీ తోటలు. ఆకు పురుగులకు వేశాక కొమ్మలు మిగులుతాయి. మొక్కజొన్న గింజ తీసుకున్నాక బెండ్లు మిగులుతాయి. ఎండిన చెరువుల్లో బళ్లారి జాలి, అదే సర్కారు తుమ్మ, మనిషి దూరలేనంత పెరిగింది. దాన్ని కొట్టేస్తే చెరువుకే మేలు. టమాట ధర సంగతి మీకు తెలుసు. 2023 జులైలో పదిహేను కిలోల బాక్సు రెండు వేలు దాటింది, అప్పుడు తోటలకు రాత్రిపూట కాపలా పెట్టారు. ధర పడిపోయిన సంవత్సరాల్లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. పచ్చి టమాట ఈ యంత్రానికి పనికిరాదు, తడి ఎక్కువ. కానీ ఎండిన టమాట చెట్లు, ఊత కర్రలు పనికొస్తాయి. కాయ ధర లేని సంవత్సరంలో కట్టెకైనా నాలుగు డబ్బులు వస్తే రైతు ఇంట్లో ఆ నెల గడుస్తుంది. హైడ్రోజన్‌ను దూరం మోయడం కష్టం కాబట్టి లారీలు నిండే చోటే, మార్కెట్టు పక్కనే, దాన్ని చేయాలి. గుజరాత్‌లోనో విశాఖ దగ్గర పూడిమడకలోనో చేసినది ఇక్కడికి రావాలని కాచుకోనక్కర్లేదు.

దీని మీద నాకే రెండు భయాలు ఉన్నాయి, దాచిపెట్టను. ఒకటి నీలగిరి. కట్టెకు ధర వస్తుందని తెలిస్తే జనం మళ్లీ నీలగిరి చెట్లు పెడతారు. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో భూమిలో నీళ్లు ఇంకిపోవడానికి ఆ తోపులూ కారణమని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా పెట్టొద్దని ఆపింది. హైడ్రోజన్ పేరుతో ఆ తలుపు మళ్లీ తెరిస్తే నేను రాసిందంతా దండగ. మిగిలిన కట్టె, పనికిరాని కంప తప్ప, నాటి పెంచిన చెట్టు ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. రెండోది, ఇప్పుడు ఆ మల్బరీ కట్టెను ఊరికే పారేయడం లేదు. గూళ్లు ఉడికించే వాళ్లు వాడతారు, గ్యాసు లేని ఇళ్లలో వంటకు వాడతారు. వాళ్లకు పోగా మిగిలిందే లారీకి. అది ఎంత మిగులుతుందో ఊరూరా తిరిగి తూకం వేస్తే తప్ప తెలియదు. సైన్సు క్లబ్బు తరఫున ఈ సెలవుల్లో ఒక్క ఊర్లో అయినా తూకం వేద్దామని సార్‌ను అడిగినా. చూద్దాం అన్నారు.

ఇదంతా మామకు చదివి వినిపించినా. మిథనాల్ దగ్గర తల ఊపాడు. ముప్పై పొయ్యిల దగ్గర "అది మాత్రం వద్దు పాపా" అన్నాడు. కట్టె దగ్గరికి వచ్చేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతా బాగుంది గానీ, ఆ కట్టె తూకం ఎవరు వేస్తారు? టమాటకు వేసేవాళ్లేనా?" అన్నాడు.

ఆ లెక్క నేను ఇంకా వేయలేదు.